గడువు దాటితే తలుపు తెరవాల్సిందే

పులివెందుల హత్య కేసు దేశం మొత్తానికీ ఒక చట్టసూత్రాన్ని మిగిల్చింది. అదే కడప జిల్లాలో, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు కోర్టుల్లో పేరులేని మనుషుల రిమాండ్లు మాత్రం నిమిషాల మీద ముగిసిపోతుంటాయి. ఈ రెంటికీ మధ్య దూరమెంత?

2019 జూన్ 27న పులివెందుల మేజిస్ట్రేటు కోర్టు ఒక హత్య కేసు నిందితుడికి బెయిలిచ్చింది. చనిపోయిన మనిషి వై.ఎస్. వివేకానందరెడ్డి. మాజీ మంత్రి, రెండుసార్లు కడప ఎంపీ, దివంగత ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డికి స్వయానా తమ్ముడు. ఆ ఏడాది మార్చి 15 ఉదయం పులివెందులలోని సొంతింట్లోనే శవమై కనిపించారు. మొదట గుండెపోటు అన్నారు. ఒంటిమీద గాయాలు చూశాక అది హత్యేనని తేలింది. అసెంబ్లీ ఎన్నికలకు అప్పటికి నెల కూడా లేదు. రాష్ట్రమంతా అట్టుడికిన ఆ కేసులో నిందితుడు ఎర్ర గంగిరెడ్డి మూడు నెలలకే బయటికొచ్చారు.

‘జడ్జి ఎవురి మనిషంటావ్ అన్నా?’ ఇలాంటి వార్త చెవిన పడగానే సీమ రచ్చబండల మీద మొదట లేచే ప్రశ్న ఇదే. నిజానికి ఆ రోజు ఆ జడ్జికి ఇంకో దారి లేదు. మరణశిక్షో, యావజ్జీవమో, కనీసం పదేళ్ళ జైలో పడే నేరంలో మనిషిని రిమాండుకు పంపితే 90 రోజుల్లోగా ఛార్జిషీటు వేయాలి. మిగతా నేరాలకైతే 60 రోజులు. వేయకపోతే, షూరిటీలు కడతానని నిందితుడు ముందుకొచ్చిన మరుక్షణం వదిలిపెట్టాలి. కేసు బలంగా ఉందా, మనిషి మంచివాడా అని చూసే పని అప్పుడు ఉండదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 167(2) సెక్షన్. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 187. గంగిరెడ్డిని అరెస్టు చేసింది మార్చి 28న. మధ్యలో ప్రభుత్వం మారింది, దర్యాప్తు చేసే సిట్ కూడా మారింది. ఛార్జిషీటు మాత్రం రాలేదు. జూన్ చివరి వారానికి లెక్క నిండింది.

ఈ 90 రోజుల్ని నిందితుడికి దొరికిన సందుగా చూడటం మనకు అలవాటు. అసలు ఆ గడువు పెట్టింది పోలీసుకు. తేల్చలేకపోతే మనిషిని జైల్లో మగ్గబెట్టే హక్కు నీకు లేదని చెప్పడానికి. ఈ హక్కు ఏదో ఒక సెక్షన్ దయ కాదనీ, రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమేననీ సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో బిక్రంజీత్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. గడువు దాటితే కోపం రావాల్సింది గడువు దాటబెట్టిన వాళ్ళ మీద. మన దగ్గర అది తలుపు తెరిచిన కోర్టు మీదికి పోతుంది.

పులివెందుల కేసు ఇక్కడితో ఆగి ఉంటే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. వివేకా భార్య, కూతురు సునీత సహా పలువురు వేసిన పిటిషన్లు విన్న హైకోర్టు 2020 మార్చి 11న దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. సీబీఐ మనుషులు పులివెందులలో మకాం పెట్టారు. 2021 ఆగస్టులో రోటరీపురం వాగు నీళ్ళు తోడించి, బురద తీయించి ఆయుధాల కోసం వెతికారు. ఊరి జనం గట్టున నిలబడి చూశారు. ఆ అక్టోబరులో పులివెందుల కోర్టులోనే ఛార్జిషీటు పడింది. అప్పుడు సీబీఐ కొత్త ప్రశ్న లేవనెత్తింది. పోలీసుల జాప్యం వల్ల దొరికిన బెయిలును, తర్వాత ఛార్జిషీటులో బలమైన ఆధారాలు బయటపడితే రద్దు చేయొచ్చా? రాష్ట్ర హైకోర్టు ఒప్పుకోలేదు. వ్యవహారం ఢిల్లీ చేరింది.

2023 జనవరి 16న సుప్రీంకోర్టు రద్దు చేయొచ్చని తేల్చింది. ఛార్జిషీటు వేసినంత మాత్రాన కాదు. నిందితుడు నాన్‌బెయిలబుల్ నేరం చేశాడనడానికి బలమైన, ప్రత్యేకమైన కారణాలు కనబడాలి. అలా వీల్లేదంటే దర్యాప్తులో నిర్లక్ష్యానికీ, కావాలని చేసే జాప్యానికీ బహుమతి ఇచ్చినట్టవుతుందని కోర్టు వాదం. అందులో న్యాయముంది. కావాలనే గడువు దాటించి, ‘పాపం, చట్టప్రకారం బయటికొచ్చాడు’ అనే నాటకం ఆడే వీలు లేకుండా చేసిందీ తీర్పు. నా మనసుకు మాత్రం సగమే పట్టింది. తప్పు చేసిన దర్యాప్తు అధికారికి ఇందులో ఏ శిక్షా లేదు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో పోలీసు నిజంగానే సోమరితనంతో గడువు దాటిస్తే, ఆనక మెల్లగా ఛార్జిషీటు వేసి ‘బలమైన కారణాలు’ చూపించి మనిషిని మళ్ళీ లోపలికి లాగొచ్చు.

తర్వాతి అంకం మరీ విడ్డూరం. అప్పటికి కేసు తెలంగాణకు మారింది కాబట్టి అక్కడి హైకోర్టు 2023 ఏప్రిల్ 27న గంగిరెడ్డి బెయిలు రద్దు చేసి, మే 5లోగా లొంగిపొమ్మంది. దర్యాప్తు ముగించడానికి జూన్ 30 గడువు ఉంది కనుక జులై 1న మళ్ళీ బెయిలు మీద వదిలిపెట్టమని కూడా అదే ఉత్తర్వులో రాసింది. రద్దు చేసిన బెయిలును ముందే తేదీ వేసి తిరిగివ్వడం చూసి సుప్రీంకోర్టే విస్తుపోయింది. ఆ రెండో ముక్కను నిలిపేసింది.

అసలు పులివెందుల కేసు హైదరాబాదుకు ఎందుకు పోయింది? మన రాజ్యాంగంలోని రెండంతస్తుల కట్టడం ఇక్కడే తెలుస్తుంది. అమెరికాలో ఉంటున్న మన పిల్లలకు దీని ఇంకో రూపం తెలుసు. అక్కడ న్యాయమైన విచారణ హామీ 1791లో ఐదో సవరణతో వచ్చినా, అది కేంద్ర ప్రభుత్వాన్నే కట్టడి చేసింది. రాష్ట్రాల మెడకు ఆ తాడు పడటానికి అంతర్యుద్ధం జరిగి, 1868లో పద్నాలుగో సవరణ రావాల్సి వచ్చింది. మనకు ఆ బాధ లేదు. 21వ అధికరణం ఢిల్లీ సర్కారుకూ, అమరావతి సర్కారుకూ, జమ్మలమడుగు ఎస్సైకీ ఒకేసారి వర్తిస్తుంది. కానీ పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. సీబీఐ ఒక రాష్ట్రంలో అడుగు పెట్టాలంటే ఆ రాష్ట్రం సమ్మతించాలి. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఆ సమ్మతిని ఉపసంహరించుకుంది. 2019లో ప్రభుత్వం మారాక తిరిగిచ్చింది. సమ్మతి లేకున్నా హైకోర్టు, సుప్రీంకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించవచ్చని 2010లో పశ్చిమ బెంగాల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పౌరుడి ప్రాథమిక హక్కుకు రాష్ట్రాల హక్కు అడ్డు రాకూడదన్నది దాని సారం.

సీబీఐ వచ్చినంత మాత్రాన స్థానిక పోలీసు పక్కకు తప్పుకోలేదు. దర్యాప్తు చేస్తున్న సీబీఐ అధికారి మీదే 2022లో కడపలో కేసు నమోదైంది. సునీత సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఈ రాష్ట్రంలో విచారణ సవ్యంగా జరగదన్నది ఆమె వాదన. 2022 నవంబరు 29న కోర్టు ఆ భయం ఉత్తుత్తిది కాదని నమ్మి, కేసును హైదరాబాదు సీబీఐ ప్రత్యేక కోర్టుకు మార్చింది. పెట్టెలకొద్దీ కాగితాలు కడప నుంచి తరలిపోయాయి. సాక్షులూ, నిందితులూ వాయిదా అంటే నాలుగు వందల కిలోమీటర్లు పోవాల్సిందే. హత్య ఎవరు చేశారు, చేయించిందెవరన్నది తేల్చాల్సింది ఆ కోర్టే. అంతవరకు ఈ కేసులోని ఏ పేరుకైనా ముందు ‘నిందితుడు’ అన్న మాట వదలకూడదు.

ఒకటి గమనించండి. నిందితుణ్ణి జైలు నుంచి బయటికి తెచ్చింది ఏ రాజ్యాంగమో, చనిపోయిన మనిషి కూతురికి వేరే దర్యాప్తు సంస్థను, వేరే ఊళ్ళో కోర్టును ఇచ్చిందీ అదే. న్యాయవిచారణ రెండు వైపులా కాపు కాసింది. ప్రతి కేసులోనూ ‘మనోడు, వాళ్ళోడు’ అని లెక్కలేసే ఫ్యాక్షన్ గడ్డకు ఇది మింగుడుపడటం కష్టం.

జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో పాతకాలపు కేసు కట్టల్ని ఏ వకీలు గుమస్తాను అడిగినా చెబుతాడు. ఒక గొడవలో నలుగురు కొట్టుకుంటే ఫిర్యాదులో నలభై పేర్లుంటాయి. అవతలి వర్గంలో ఓటు వేయించేవాడు, డబ్బు పెట్టేవాడు, చదువుకున్నవాడు అందరూ అందులోకి వస్తారు. మరునాటికి కౌంటర్ కేసు తయారు. అందులోనూ అన్నే పేర్లు. ఏళ్ళు గడిచాక సాక్షులు అడ్డం తిరుగుతారు, కేసు కొట్టేస్తారు. అప్పటికి ఇరుపక్షాల పొలాలూ వాయిదాల కింద కరిగిపోయి ఉంటాయి. ఇలా మందను ఇరికించే కేసుల్లో ఏం చేయాలో 1964లోనే సుప్రీంకోర్టు మసల్తీ తీర్పులో ఒక కొలత పెట్టింది. పెద్ద గుంపులో ఫలానావాడున్నాడని ఒక్కడు చెబితే చాలదు, ఇద్దరో ముగ్గురో సాక్షులు పొంతన కుదిరేలా చెప్పాలి. అదీ ఉత్తరప్రదేశ్‌లో ఒక పల్లె వైరం నుంచి పుట్టిన కేసే. సీమలో నిర్దోషులుగా బయటపడ్డవాళ్ళకు ఆ పేరు తెలియకపోవచ్చు గానీ, వాళ్ళ తీర్పుల వెనక ఆ కొలత ఉంటుంది.

ఇక ఎన్నికలొస్తే బైండోవర్లు. తహసీల్దారు ముందు హాజరై, గొడవ చేయనని పూచీకత్తు రాసివ్వాలి. గొడవకు దూరంగా ఉండేవాడి పేరు కూడా పాత జాబితాలో ఉంటే పోవాల్సిందే.

ప్రొద్దుటూరు కథ ఇంకో రకం. బంగారం అంగళ్ళకూ బట్టల వ్యాపారానికీ పేరుపడ్డ ఊరు. వెనకసందుల్లో మట్కా, ఐపీఎల్ వచ్చిందంటే బెట్టింగు. అక్కడ రౌడీషీటు అనే మాట చాలా ఇళ్ళకు తెలుసు. స్టేషన్లో ఒకసారి షీటు తెరిస్తే, ఆదివారం కౌన్సెలింగుకు రమ్మంటారు, అర్ధరాత్రి తలుపు కొడతారు, పండగొస్తే పిలిపిస్తారు. కేసులన్నీ కొట్టేసినా షీటు మూయించుకోవడం మాత్రం గగనం. ఇది ఏ చట్టం ప్రకారం? చట్టసభ చేసిన చట్టమేదీ లేదు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు, అంతే. అవి శాఖ తనకు తాను రాసుకున్న నియమాలు. మనిషి గోప్యతను హరించడానికి అవి చాలవని రాష్ట్ర హైకోర్టు 2022 జులైలో తీర్పు చెప్పింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది.

ఆ తీర్పు వేళ్ళు ఒక తెలుగువాడి దగ్గర ఉన్నాయి. ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ మనిషిని బందిపోటు కేసులో ఆధారాల్లేక వదిలేశారు. అయినా పోలీసులు షీటు తెరిచి, రాత్రిళ్ళు తలుపు కొట్టేవాళ్ళు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టులో ఎక్కువమంది జడ్జీలు రాత్రి తనిఖీలను మాత్రం కొట్టేసి, మిగతా నిఘాను ఉండనిచ్చారు. గోప్యత మన రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు. రాజమండ్రిలో పుట్టి, గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. నీడలా వెంటబడే పోలీసు కింద బతికేవాడు స్వేచ్ఛగా ఉన్నట్టే కాదని, నిఘా మొత్తం చెల్లదని విడిగా తీర్పు రాశారు. యాభై అయిదేళ్ళ తర్వాత, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో సుబ్బారావు మాటే సరైనదని ఒప్పుకుంది. ప్రొద్దుటూరు స్టేషన్ రిజిస్టరు దాకా ఆ మాట రావడానికి ఇంకా ఎన్నేళ్ళో.

రౌడీషీటుకు అన్న పీడీ యాక్టు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో వచ్చిన ఈ చట్టం కింద కలెక్టరు సంతకంతో మనిషిని ఏడాది దాకా జైల్లో పెట్టొచ్చు. విచారణ ఉండదు. శేషాచలం, లంకమల అడవుల్లో ఎర్రచందనం కొట్టేవాళ్ళ మీద, రవాణా చేయించేవాళ్ళ మీద కడప జిల్లాలో దీన్ని వాడారు. ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించాలి, మూడు వారాల్లో సలహామండలికి పంపాలి, ఏడు వారాల్లో మండలి చెప్పాలి. ఆ మండలి ముందు వకీలును పెట్టుకునే హక్కు కూడా లేదు. ఇలాంటి చట్టాన్నే తెలంగాణ ఇష్టారాజ్యంగా వాడుతోందని సుప్రీంకోర్టు 2022లో ఒకసారి, 2023లో ఇంకోసారి తలంటింది. 2024 మార్చిలో నేనావత్ బుజ్జి కేసులోనైతే, సలహామండళ్ళు ముద్ర కొట్టే యంత్రాలుగా మారొద్దని హెచ్చరించింది. బెయిలొస్తుందని తెలిసిన కేసుల్లో బెయిలు రాకుండా చేయడానికి ఈ చట్టం దగ్గరదారి అయిపోయిందన్నది కోర్టు అనుమానం. నాదీ అదే. చెట్టు నరికినవాడి మీద అటవీచట్టం కింద కేసు నిరూపించలేని అధికారికి ఏడాది జైలు సులువుగా దొరుకుతుంటే, నిరూపించే ఓపిక ఎందుకుంటుంది?

విచారణ లేకుండా నిర్బంధించే అధికారం మన రాజ్యాంగంలోనే ఉంది. అందులోనూ మనవాళ్ళ చేయి ఉంది. ముసాయిదాలో మొదట అమెరికా తరహాలో విస్తారమైన రక్షణ రాసుకున్నారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్ళి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశాక, ప్రజలెన్నుకున్న సభ చేసే చట్టాల్ని కొద్దిమంది జడ్జీలు కొట్టేసే ప్రమాదముందని బెంగ పెట్టుకున్నారు. ముసాయిదా కమిటీలోని మన నెల్లూరు జిల్లా అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ మాటను గట్టిగా సమర్థించారు. చట్టం చెప్పిన పద్ధతి ఉంటే చాలు అన్న రూపంలో 21వ అధికరణం నిలిచింది. సభలో గోల లేచింది. పోయినదానికి పరిహారంగా 1949 సెప్టెంబరులో అంబేడ్కర్ 22వ అధికరణాన్ని తెచ్చారు. అరెస్టు కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి. ముందస్తు నిర్బంధాన్ని కూడా అదే అధికరణం అనుమతించింది. మరుసటి ఏడాదే ఎ.కె. గోపాలన్ కేసు వచ్చింది. ఆయన్ను నిర్బంధించింది మద్రాసు రాష్ట్రం. కడప అప్పుడు అందులోదే. చట్టం ఉంది కదా, చాలు అంది సుప్రీంకోర్టు. ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా కూడా ఉండాలని అదే కోర్టు చెప్పడానికి ఎమర్జెన్సీ వచ్చిపోవాల్సి వచ్చింది. 1978 మేనకా గాంధీ తీర్పు అది. అల్లాడి కాదన్నది దొడ్డిదారిన లోపలికి వచ్చి కూర్చుంది.

మన రాష్ట్ర నాయకులందరికీ ఈ అధికరణాలు ఇప్పుడు కంఠతా వచ్చు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు. 2021 మేలో అప్పటి ఎంపీ రఘురామకృష్ణరాజును సీఐడీ అరెస్టు చేస్తే, కస్టడీలో కొట్టారన్న ఫిర్యాదుపై సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రిలో పరీక్ష చేయించింది. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో చంద్రబాబును అరెస్టు చేసినప్పుడు ముందస్తు అనుమతి లేదన్న వాదన మీద సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. 2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక రోజు తెల్లవారుజామునే ఎంపీ అవినాష్‌రెడ్డిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఎవరి వంతు వస్తే వాళ్ళు రాజ్యాంగం పట్టుకున్నారు. గెలిచినవాళ్ళు పీడీ యాక్టునూ, స్టాండింగ్ ఆర్డర్లనూ సడలించే పని మాత్రం పెట్టుకోలేదు.

వీళ్ళందరికీ ఢిల్లీలో పేరున్న వకీళ్ళున్నారు. ప్రొద్దుటూరు కోర్టుకు ఏదో ఒక సాయంత్రం వెళ్ళి చూడండి. జీపు ఆగుతుంది. ముందు కానిస్టేబుల్ దిగి ఫైలు చంకలో పెట్టుకుంటాడు. వెనక దిగిన కుర్రాడి కాళ్ళకు చెప్పులుండవు. గోడవారగా ఒకామె నిలబడి ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో లుంగీ, తువ్వాలు, బ్రెడ్డు ప్యాకెట్టు. ‘యాడికి తీస్కపోతాండారు సార్ మా పిల్లోన్ని?’ అంటుంది. ‘పక్కకు జరుగమ్మా’ అంటాడు ఆయన. లోపల రిమాండు రిపోర్టు తిరగేస్తారు. పద్నాలుగు రోజులు. సంతకం. జీపు సబ్ జైలు దారి పడుతుంది.

ఆ కాస్త సమయమే ఆ కుర్రాడికున్న రాజ్యాంగం. అప్పుడు మేజిస్ట్రేటు తలెత్తి, ఎప్పుడు పట్టుకొచ్చారు, కొట్టారా, ఎందుకు అరెస్టు చేశారో నీకు చెప్పారా, వకీలున్నాడా అని అడగాలి. లేకపోతే న్యాయసేవాధికార సంస్థ తరఫున ఉచితంగా వకీలును పెట్టాలి. అరెస్టు కారణాలను అతనికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని, అదీ రిమాండుకు కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవ్వకపోతే ఆ అరెస్టూ రిమాండూ చెల్లవు. అంటే తెలుగు తప్ప మరొకటి రాని ఎర్రగుంట్ల కూలీ చేతిలో ఇంగ్లీషు కాగితం పెట్టి వేలిముద్ర వేయించుకుంటే అది ఇచ్చినట్టు కాదు.

చాలా ఇళ్ళలో వినిపించే ఫిర్యాదు మటుకు అరెస్టు సమయం గురించే. మొన్న రాత్రి ఇంట్లోంచి తీసుకుపోయారని తల్లి చెబుతుంది. ఈ ఉదయం బస్టాండు దగ్గర పట్టుకున్నామని రిపోర్టు చెబుతుంది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ కేసులో ప్రతి పోలీసు స్టేషన్లోనూ, లాకప్పు, వరండా, వాకిలి సహా, మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, ఆ ఫుటేజీని 18 నెలలు, వీలుకాకుంటే కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో మొదటి రిమాండు రోజే ఆ ఫుటేజీ భద్రపరచమని వకీలు ఒక మెమో వేస్తే సరి. ఈ ఉదయం పది గంటలకని రిపోర్టులో ఉన్న అరెస్టు, కెమెరాలో మొన్న రాత్రికే కనిపిస్తే, 24 గంటల లెక్క మొన్న రాత్రి నుంచే నడుస్తుంది. ఛార్జిషీటుకు 60 రోజులా, 90 రోజులా అన్న లెక్క మాత్రం మేజిస్ట్రేటు రిమాండు సంతకం పెట్టిన రోజుతో మొదలవుతుంది. ఆ రోజు కూడా అందులో ఒకటిగా లెక్క.